రెండు వేళ్ళ వదులు

అప్పయమ్మ వదిన గేటు తీసుకుని లోపలికి రాకముందే, ఆవిడ ఒంటి మీదున్న జాకెట్టు నేను కుట్టింది కాదని పోల్చుకున్నాను. నా కుట్టయితే చంక దగ్గర చిన్న ముడత పడుతుంది. అటక మీది సామాను దింపుకునే ఆడవాళ్ళకి ఆ మాత్రం గుడ్డ ఉండాలని నేనే వదులుతాను. దీనికి ముడతే లేదు. చేతి అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది. నా చూపు ఎక్కడుందో గమనించి ఆవిడ పమిట భుజం మీదికి లాక్కుంది. పద్నాలుగేళ్ళుగా నా దగ్గర కుట్టించుకున్న మనిషి నన్ను చూసి పమిట సర్దుకోవడం అదే మొదలు.

"ఎవరు కుట్టారు వదినా?"

"ఏదోలేవే మాధవీ. వెనక బస్తీలోకి కొత్తగా ఒక పిల్ల దిగింది, ఉషారాణి అని. మన టెక్కలి వైపుదే. మొగుడు అప్పలకొండ షెడ్డులో కాంట్రాక్టు పని. పాపం, చూద్దామని ఒకటి ఇచ్చాను."

"ఎంత తీసుకుంది?"

"నూట నలభై." జ్వరంతో ఉన్న మనిషికి చెప్పినట్టు గొంతు తగ్గించింది. "పొద్దున్న ఇస్తే సాయంత్రానికి తెచ్చి ఇచ్చీసింది."

లైనింగు జాకెట్టుకి నేను రెండొందల యాభై తీసుకుంటాను. నాలుగు రోజులని చెప్పి ఆరో రోజున ఇస్తాను. ఆవిడ వెళ్ళాక మిషను ముందు కూర్చున్నాను కానీ ఏమీ కుట్టలేదు. ఎదురుగా మేకుకి వేలాడుతున్న నా జాకెట్లనే చూస్తూ ఉండిపోయాను. అంతవరకూ వాటిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు ఆడవాళ్ళకి జాకెట్టంటే నేనే. బీకాం పాసయ్యాను, ఉద్యోగం రాలేదు. పెళ్ళయి క్వార్టరుకి వచ్చాక మిషను కొనుక్కున్నాను. బజారులో దర్జీలున్నారు కానీ, వాళ్ళు మగవాళ్ళు. పైగా మన చీర కట్టుకి వీపు ఎంత దించాలో వాళ్ళకి తెలీదు. ఆ రెండు కారణాల మీదే పద్నాలుగేళ్ళు నడిచాను. ఇప్పుడు మూడో కారణం ఏదైనా ఉందా అని వెతుక్కోవలసి వచ్చింది.

శ్రావణమాసం వచ్చేసరికి సగం మంది అటు వెళ్ళిపోయారు. ఏడాది మొత్తంలో నాకు ఊపిరాడని నెల అది. ఆ ఏడాది మాత్రం మధ్యాహ్నాలు నిద్రపోయాను. మిగిలిన వాళ్ళు గుడ్డ ఇస్తూనే, "ఆ పిల్ల నూట నలభైకే..." అని అక్కడితో ఆపేవారు. ఆపినా ఒకటే, చెప్పినా ఒకటే. రెండొందలకి దిగాను.

దిగింది నేనొక్కదాన్నే కాదు. నా జాకెట్లకి హుక్కులు, కాజాలు, అంచు మడత దులారీ చేసేది. మస్తూరీ వైపు పల్లె నుంచి వచ్చి లైను పక్కన గుడిసె వేసుకున్న మనిషి. జాకెట్టుకి పది రూపాయలిచ్చేదాన్ని. ఏడు ఇస్తానన్నాను.

"సాత్ రుపియా మా నై జమే దీదీ," అంది. కుదరదని. అయినా ఆ మూట పట్టుకెళ్ళింది. దసరా అయ్యాక వచ్చి సూదుల డబ్బా తిరిగిచ్చేసింది. మొగుడితో కలిసి ఇటుక బట్టీకి పోతున్నారట, ఉత్తరప్రదేశ్‌లో ఎక్కడికో. మూడు రూపాయల కోసం ఊరొదిలి పోతావా అని అడిగాను. తను నవ్వింది. మూడు రూపాయల సంగతి ముందు ఎత్తింది నేనేనని తను అనలేదు.

ఇంట్లో ఈ గొడవంతా మా అత్తకి వినోదం. మా అత్త అచ్చియమ్మకి ఎనభై దాటాయి. కళ్ళు తగ్గాయి, చెవులు తగ్గలేదు.

"నీ మామగారి అయ్య ఈ ఊరొచ్చినప్పుడు, ఇక్కడోళ్ళు ఆరణాలకి మోసిన బొగ్గు మనోళ్ళు నాలుగణాలకి మోసీసినారే," అంది గొప్పగా. "అందుకేకదేటి, సాయిబు దొర మనోళ్ళనే ఉంచి ఇక్కడోళ్ళని పొమ్మన్నాడు. లేకపోతే నీకీ కోటారెక్కడిది?"

"అది వేరు అత్తా."

"ఏటే వేరు?"

"అప్పుడు పని ఎక్కువ, మనుషులు తక్కువ," అన్నాను.

"ఓలమ్మ! ఆ ఆరణాలోడిని అడిగీసి వచ్చావేటి?" అని పళ్ళు లేని నోటితో నవ్వి, వక్కపొడి అడిగింది.

మా ఆయన త్రినాథరావు గారు డ్యూటీ నుంచి వచ్చి మరో రకంగా చెప్పారు. తాను ఖలాసీగా చేరినప్పుడు చేసిన పనే అప్పలకొండ ఇప్పుడు చేస్తున్నాడట, మూడో వంతు జీతానికి. "వాడి మీద నాకు కోపం లేదు," అన్నారు. ఎందుకుంటుంది? ఆయనది పర్మనెంటు. నాది మిషను.

కార్తీకమాసం దగ్గర పడింది. మా తెలుగు మహిళా మండలి ప్రతి ఏడూ కోని ఊరు దాటాక అర్పా నది ఒడ్డున వనభోజనాలు పెడుతుంది. ఈసారి ముప్ఫై ఆరు మంది ఒకే రంగు జాకెట్లతో కోలాటం ఆడాలని అప్పయమ్మ వదిన తీర్మానించింది. మండలికి పెద్ద ఆవిడే. వ్యాపార్ విహార్ బజారులో మెరూన్ రంగు తాను టోకున కొన్నారు. ముప్ఫై ఆరు జాకెట్లకి సరిగ్గా సరిపోతుంది, జానెడు కూడా మిగలదు. ఆ రంగులో అదే ఆఖరు తానని షావుకారు చెప్పాడట.

"నీకు పద్దెనిమిది, ఉషకి పద్దెనిమిది," అంది వదిన మండలిలో అందరి ముందూ. "నువ్వు పెద్దదానివి కదే, తాను నువ్వే చించి సగం దానికి ఇయ్యి."

పెద్దదానివి అనే మాట అలాంటప్పుడే వాడతారు.

ఇక్కడ మా ఆడవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మామూలుగా ఎవరి మటుకు వాళ్ళు కుట్టించుకునేటప్పుడు ఆది జాకెట్టు నిన్నమొన్న కుట్టిందే ఇస్తారు. కొత్తది దాని కొలతకే వస్తుంది, ఏ బాధా లేదు. కానీ మండలి కుట్టింపులకి ఆదులు అందరి ముందూ జంపఖానా మీద పోగుపెడతారు, ఒక్కోదానికి పేరు చీటీ గుచ్చి. నలుగురిలో పడే ఆది కదా అని ప్రతి ఒక్కరూ ఇనప్పెట్టె అడుగు నుంచి సన్నగా ఉన్నప్పటి జాకెట్టు తీసుకొస్తారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నేను ఆ పోగు ఇంటికి తెచ్చుకుని, పేరు చూసి, మనిషిని గుర్తు చేసుకుని, వేళ్ళ లెక్కన వదులు కలిపి కోస్తాను. అప్పయమ్మ వదినకి రెండు వేళ్ళు. పోస్టాఫీసు సుందరమ్మకి మూడు. తొడుక్కున్నాక అందరూ, "చూశావా, ఆ జాకెట్టు కొలతే ఇప్పటికీ సరిపోయింది!" అని ఆశ్చర్యపోతారు. నేనూ ఆశ్చర్యపోతాను. పద్నాలుగేళ్ళలో ఈ సంగతి ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

సగం తాను, పద్దెనిమిది ఆదులు పట్టుకుని ఉషారాణి ఇంటికి వెళ్ళాను. టేపు పెట్టి సరిగ్గా సగం చించాను. వేలెడు ఎక్కువ ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు.

ఒకటే గది. సగం గది మోటారు మిషనుకి, మిగిలిన సగం సంసారానికి. ఆ పిల్లకి ఇరవై ఏడేళ్ళుంటాయేమో, సన్నగా ఉంది. "రండి పిన్నీ," అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. చేతిలో ఎవరిదో జాకెట్టు సగంలో ఉంది. "ఇదొక్కటి అయిపోనీండి" అని చెయ్యి అతికించింది. గుండుసూది లేదు, కదలకుండా పట్టి ఉంచే టాకా కుట్టు లేదు. రెండు గుడ్డల్నీ వేళ్ళతో మిషను కిందికి అలా వదిలింది. అర నిమిషంలో చంక చుట్టూ తిరిగొచ్చి దారం తెంపింది. తిప్పి చూశాను. ఒక్క చోట కూడా పొంగలేదు. నేను చెయ్యి అతికించేటప్పుడు మూడుసార్లు ఆగుతాను. ఆ వేళ్ళ వంకే చూశాను. గోళ్ళు కొరుక్కున్న మామూలు వేళ్ళు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"తిరుపూరులో పిన్నీ. ఆరేళ్ళు చేతులే. కోత లేదు, కాలరు లేదు, గుండీ లేదు. షిఫ్టుకి ఆరొందల చొక్కాలకి చేతులతికించీడమే. కోత ఇక్కడికొచ్చాకే, ఆది పెట్టీసి, గీత గీసీసి, కోసీడం."

"మరి మానేశావేం?"

"నాను మానీనేదు. బస్సులకి బస్సులు పిల్లల్ని దింపీసినారు, బీహారోళ్ళు, ఒరిస్సావోళ్ళు. కంపెనీ హాస్టల్లోనే పడీసేవోళ్ళు. ఓటీ అడగరు, పండగంటే ఊరెల్తానని అనరు. మా పీసు రేటు సగానికి తెచ్చీసినారు. ఉంటే ఉండు, నేకపోతే పో అన్నారు." టీ గ్లాసు నా చేతికిచ్చింది. "ఆ పిల్లలు మంచోళ్ళే పిన్నీ. నాకయితే ఆళ్ళని సూస్తే ఒల్లు మండిపోయీది."

మాట్లాడుతూనే పోగులోంచి పైనున్న ఆది లాగింది. ఊదారంగు జాకెట్టు. అప్పయమ్మ వదినది. నా కుట్టే. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి కుట్టాను, పదకొండేళ్ళ కిందట. ఉషారాణి దాన్ని మెరూన్ గుడ్డ మీద పరిచి, అంచు వెంటనే సుద్దతో గీసింది.

"లోపల కుట్టుకి ఎంత వదులుతావు?" అన్నాను.

"అర అంగుళం. కంపెనీలో అంతకి మించితే సూపర్‌వైజరు గుడ్డ తింటున్నావేటని తిట్టీవోడు."

నా కుట్టులో పక్కలకి రెండేసి అంగుళాల మడత ఉంటుంది, ఎప్పుడైనా విప్పి వదులు చేసుకోవడానికి. ఈ పిల్ల ఆ మడత లేకుండా, పదకొండేళ్ళ కిందటి నడుముకి కోస్తోంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

టీ తాగేశాను. గ్లాసు కింద పెట్టాను. "బాగా కుట్టు," అని లేచి వచ్చేశాను.

దారిలో బుధవారీ బజారులో ఆగి రొయ్యపొట్టు కొన్నాను. ఆ రాత్రి మా ఆయన, "ఏటి విశేషం?" అన్నారు. "ఏం లేదు, తినాలనిపించింది," అన్నాను. నాకు అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు.

నా పద్దెనిమిది నేను కోసుకున్నాను, వేళ్ళు కలిపి. గుడ్డ చాలక చేతులు కాస్త పొట్టి చేసి సర్దాను. కోతల్లో మిగిలిన పీలికలు అలవాటుగా దిండుగలీబులో కూరాను. హుక్కులు నేనే కుట్టుకోవలసి వచ్చింది. దులారీ ఎంత గబగబా కుట్టేదో, ఒక్కో హుక్కుకి ఎన్నిసార్లు సూది దింపేదో అప్పుడు తెలిసింది. మూడోరోజుకి బొటనవేలు వాచింది.

వనభోజనాలు ఆదివారం. సోమవారం నాడే ఇద్దరం జాకెట్లు మండలికి ఇచ్చేశాం. ఉషారాణి ఇస్త్రీ చేసి తెచ్చింది. అందరూ ముందు అవే పట్టుకుని చూశారు. "ఫినిషింగ్ చూడండి, బిల్కుల్ షోరూమ్!" అన్నారు. నేను చూపు కిందికి దించుకుని కూర్చున్నాను. ఎంత లేదన్నా బుధవారానికి అందరూ తొడిగి చూసుకుంటారు, అప్పటిదాకా ఆగగలను.

బుధవారం దాకా ఆగనక్కరలేకపోయింది. మంగళవారం మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ, అప్పయమ్మ వదిన సంచీతో వచ్చింది.

"ఏటో మరి, ఇస్త్రీకి ముడుచుకుపోయినట్టుందే."

ఆవిడ వెనకే సుందరమ్మ. ఆవిడకి థైరాయిడు మాత్రల వల్ల ఒళ్ళు నీరు పట్టిందట, ఈ నెలలోనే. ఇంకొకరు, తాను గుడ్డే మంచిది కాదన్నారు. మరొకరు కారణం చెప్పడానికి కూడా ఓపిక లేక, "హుక్కు పడటం లేదు," అన్నారు. నాలుగింటికి నా మంచం మీద పదకొండు జాకెట్లున్నాయి.

నేను ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. ఒక్కోటీ తిరగేసి, కుట్టు చూపించి, తాపీగా అన్నాను. "విప్పినా లాభం లేదు వదినా. లోపల గుడ్డ లేదు. చవగ్గా కుట్టేవాళ్ళు అలాగే కుడతారు."

వదిన నా మొహం వంక చూసింది. ఆవిడ గార్డు రమణమూర్తి గారి భార్య. నలభై ఏళ్ళు ఆయన డ్యూటీ టైములు నోటికి చెప్పిన మనిషి.

"తాను చించి ఇచ్చింది నువ్వు," అంది. "ఆదులు పట్టుకెళ్ళింది నువ్వు. దాని ఇంట్లో కూర్చుని టీ తాగి వచ్చావట."

"అవును."

"ఆ ఊదా జాకెట్టు నీకు తెలీదేటి? దానికంటే తెలీదు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. నీకు తెలుసు. నువ్వు చూసుకుంటావనే కదే ఇన్నేళ్ళూ మేం ఆ పాతవి తెచ్చి పడేస్తున్నాం!"

అది బయటికి అన్నందుకు ఆవిడ మొహం ఎర్రబడింది. నాదీ ఎర్రబడింది. సుందరమ్మ ఫ్యాను వంక చూసింది.

"దాని కుట్టు పోతే పోయింది," అంది వదిన చివరికి. "నీ మీద ఇంక ఎలా వదుల్తామే మాధవీ?"

వాళ్ళు వెళ్ళాక, పక్కగదిలోంచి మా అత్త, "పోనాదా?" అంది. ఏం పోయిందని అడిగిందో నేను అడగలేదు. దిండుగలీబు కిందికి కుమ్మరించాను. మెరూన్ పీలికలు. పక్కలకి, చంక కింద నుంచి నడుము దాకా, రెండు మూడు వేళ్ళ పట్టీ వేస్తే చెయ్యి దించినప్పుడు కనిపించదు. పీలికలు సరిపోతాయి. సరిపోనిది టైము. విప్పి, పట్టీ వేసి, మళ్ళీ కుట్టాలి. నా చేతికి రోజుకి మూడు. మిగతా ఏడూ కూడా వచ్చి తీరతాయి. రోజులు నాలుగు.

బస్తీకి వెళ్ళాను. ఉషారాణి గుమ్మంలో కూర్చుని ఎవరో మొహం మీద విసిరేసి పోయిన జాకెట్టు విప్పుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఆది పెట్టి కొయ్యమన్నారు. ఆది పెట్టి కోసాను," అంది.

"నీ తప్పు లేదు. పీలికలు నా దగ్గరున్నాయి. మిషను మా ఇంటికి తెచ్చుకో."

అప్పలకొండ రిక్షా మీద వేసుకొచ్చి మా వరండాలో దింపాడు. నాలుగు రోజులూ మధ్యాహ్నాలు పని చేశాం. నేను జాకెట్టు చూసి, పేరు చూసి, పట్టీ కోసి సుద్దతో గుర్తు పెట్టి ఇచ్చేదాన్ని. తను కుట్టేది. నేను ఒకటి కోసి తలెత్తేసరికి తను రెండో దానికోసం చెయ్యి చాపి ఉండేది. ఎవరికి ఎన్ని వేళ్ళో నేను పైకి చెప్పలేదు. అదొక్కటీ నాది. పట్టీ తిప్పి ఇచ్చేదాన్ని, వెడల్పు కనిపించకుండా. నవ్వుతారేమో, అలాగే చేశాను.

శుక్రవారం నాడు మిషను ఆపకుండానే అడిగింది. "ఆ దినమే నీకు తెలుసు గదా పిన్నీ?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ ఆ వేళ్ళు అంత వేగంగా నా పీలికలు అతికిస్తుంటే చెప్పబుద్ధి కాలేదు.

"తెలుసు."

పట్టీ రెండో అంచు మిషను కిందికి తోసింది.

"నానయినా సెప్పీదాన్ని కాను," అంది. "తిరుపూరులో నా పక్క మిషను బీహారు పిల్లకిచ్చినారు. ఆ మిషను గుడ్డ మందమయితే సూది ఇరిచీస్తాది. నాకెరుకే. సెప్పనేదు. దాని ఏలికి దిగిపోనాది." దారం తెంపింది. "ఇంకోటి ఇయ్యి."

ఆ సాయంత్రం దులారీకి ఫోను చేశాను. బొటనవేలి నొప్పి వల్ల చేశానని చెప్పుకోవచ్చు. వెనక ఎవరో మేస్త్రీ కేకలు వినిపించాయి. వానలకి వస్తామంది. "వచ్చాక పది ఇస్తావా దీదీ?" అని అడిగింది. ఇస్తానన్నాను. వానలు చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

ఆదివారం అర్పా ఒడ్డున ముప్ఫై ఆరు మంది కోలాటం ఆడారు. నేను ఉసిరిచెట్టు కింద పులిహోర గంగాళం పక్కన కూర్చుని చూశాను. దూరానికి ఏవి నావో, ఏవి దానివో నాకే తెలియలేదు. చేతులెత్తినప్పుడు మాత్రం, చంకల కింద ఆ పట్టీ ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది. అది నాకొక్కదానికే కనిపిస్తుందనుకున్నాను. పక్కకి తిరిగితే ఉషారాణి కూడా అక్కడికే చూస్తోంది.

ఆట అయ్యాక అప్పయమ్మ వదిన చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఉషా, నీ కుట్టు గట్టిదే. ఇంత ఎగిరినా ఒక్క దారం ఊడలేదు!" నన్ను చూసి, "పులిహోరలో ఉప్పు తగ్గింది," అంది. అంటే ఇంటికి రావడం మానదన్నమాట. అయినా పట్టీల మాట ఎత్తలేదు. ఆ దారం నిలిచిన పట్టీ నాది.

మిషను మళ్ళీ బస్తీకి వెళ్ళలేదు. ఎవరమూ ప్రత్యేకం అడగలేదు, చెప్పలేదు. నేను కోస్తాను, తను కుడుతుంది. రేటు రెండొందలు, చెరి సగం. నా పాత రెండొందల యాభై మళ్ళీ రాలేదు. దాని నూట నలభై కూడా పోయింది. చెప్పిన రోజుకి ఇస్తున్నామని బజారు దర్జీల దగ్గరికి పోయేవాళ్ళు కూడా వస్తున్నారు. నెల చివర చూస్తే నాకు మునుపటి కంటే తగ్గలేదు. అది ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మా అత్త మాత్రం మొదటి వారమే, "నాలుగణాలోళ్ళం ఒక దగ్గరికి చేరినాం," అని అందరికీ చెప్పేసింది.

మొన్న ప్రణీత వచ్చింది, బ్యాంకు మేనేజరు గారి భార్య. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చి నెలయింది. తమ్ముడి పెళ్ళికి పట్టు జాకెట్టు కావాలట. పెళ్ళి కదా అని ఆవిడా ఆది తన పెళ్ళినాటిదే తెచ్చింది. గుడ్డ బల్ల మీద పెట్టి, గేటు దాకా వెళ్ళి, చెప్పులేసుకోవడానికి వంగింది.

ఉషారాణి ఆవిడ వంక చూసింది. ఆది వంక చూసింది. నేనేమీ చెప్పకముందే సుద్ద అందుకుని, ఆది అంచు నుంచి రెండు వేళ్ళు పక్కకి పెట్టి, గీత గీయబోయింది.

నేను ఎప్పుడూ నేర్పలేదు. నాలుగు రోజులు పట్టీలు తిప్పి తిప్పి ఇచ్చాను. చూసి నేర్చేసుకుంది. ఊదా జాకెట్టు నాటి మంట మళ్ళీ ఒక్కసారి ఛాతీలో లేచింది. గేటు దగ్గర ప్రణీత నిటారుగా లేచి, పమిట సర్దుకుని, వెళ్ళిపోయింది. ఆవిడ నడుము వంక చివరి దాకా చూశాను.

ఉషారాణి చేతి మీద చెయ్యి వేసి ఆపాను.

"రెండు కాదు," అన్నాను. "రెండున్నర."